అరప్పు నీళ్ళు

మూడో చెంబు నెత్తిన పోసుకునేటప్పుడు ఇరుళప్పన్ ఎప్పుడూ కొంచెం ఎడమవైపుకి ఒరుగుతాడు. ఒరగకపోతే ఆ నీళ్ళు కూడా కుడివైపు సొరపాదుకే పోతాయి. మొదటి రెండు చెంబులూ సొరపాదుకి, వంగమొక్కలకి. మూడోదీ నాలుగోదీ మల్లెకి. ఐదోది ఉంటే కనకాంబరాలకి. మే నెలలో ఐదో చెంబు ఉండదు. కొళాయి పదిరోజులకొకసారి తిరిగే వీధిలో నాలుగు చెంబుల స్నానమే పెద్ద భోగం.

స్నానానికి నాలుగడుగుల నల్లబండ ఒకటుంది. ఇంటి వెనక, రెండు గోడల మధ్య మిగిలిన ఆరడుగుల వెడల్పు జాగాలో, ఒక కొసన వేసి ఉంటుంది. బండ చుట్టూ మట్టిలో వేలిమందం కాలువలు, కాలువకొక రాయి అడ్డం. కాలి బొటనవేలితో రాయిని అటు నెడితే నీళ్ళు ఇటు తిరుగుతాయి. పద్దెనిమిదేళ్ళుగా నెట్టి నెట్టి అతని కుడికాలి బొటనవేలు పక్కకి వంగిపోయింది. తక్కిన ఒళ్ళు వంగలేదు. యాభైతొమ్మిదేళ్ళ మనిషి, బక్కపలచన, మెడ దగ్గర నరాలు పైకి తేలి ఉంటాయి. మోచేతుల దాకా పాత గాజుపెంకుల గాట్లు. నవ్వితే పైపలువరసలో ఒక సందు.

బండ పక్కన గూట్లో మూతపోయిన సత్తు డబ్బా. అందులో అరప్పు. కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో కొండచెట్టు ఆకు ఎండబెట్టి కొట్టిన ఈ పచ్చటి పొడితోనే వెనకటి వాళ్ళు తల రుద్దుకునేవారు. ఇప్పుడెవరు వాడుతున్నారు! ఇరుళప్పన్ ఇంట్లో మాత్రం తల నించి కాలి దాకా అదే. మల్లె నాటిన మొదటి ఏడు ఆకులు పసుపెక్కి రాలిపోతుంటే, సబ్బునీళ్ళు వేరుని కాలుస్తాయని వీధి చివరి ముసలమ్మ ఒకామె చెప్పింది. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న సబ్బుబిళ్ళ పక్కింటి వాళ్ళకిచ్చేశాడు. భార్య పాప్పాత్తి మూడురోజులు మాట్లాడలేదు. మాట్లాడదు మరి! ఊరి చెత్తంతా ఎత్తే మనిషి, సబ్బు లేకుండా ఇంట్లోకొస్తానంటే ఏ ఆడది ఊరుకుంటుంది?

అతనికేమో వాసనే తెలియదు. పదిహేడేళ్ళ వయసులో తండ్రి వెనక మురుగుగుంతల్లోకి దిగడం మొదలుపెట్టాడు. నలభై ఒకటో ఏట ఒక గుంతలో గాలి పట్టేస్తే తాడుతో పైకి లాగారు. అతనితో దిగినవాడు పైకి రాలేదు. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాక ప్రాణం ఇంటికొచ్చింది, ముక్కు మాత్రం రాలేదు. మంచి వాసనా చెడ్డ వాసనా రెండూ పోయాయి. ఆ పని నించి తీసేసి చెత్తబండి మీద వేశారు. ఆ ఏడే అతను మల్లె నాటాడు. వాసన తెలియనివాడికి మల్లెచెట్టెందుకని వీధి వీధంతా నవ్వింది. ఎందుకో అతనికీ తెలిసి ఉండదు.

"ఏమయ్యా, ఇంకా ఆ చెట్టుతోనే మాట్లాడతా ఉండావా? బండెత్తే టైమయింది." పాప్పాత్తి వంటింటి వాకిట్లోంచి అరిచింది.

"వస్తా ఉండా."

తువ్వాలు చుట్టుకుని, వెలుగు రాకముందే మొగ్గలు కోశాడు. అరటాకు ముక్కలో పోసి, అరటినారతో కట్టి, ముడి మీద ముడి వేశాడు. ఆ పొట్లం అతను చెత్త ఎత్తే వీధిలోని రంజనమ్మగారింటికి. వేసవి నాలుగు నెలలూ వాళ్ళ గేటు పక్క గోడ మీద పెట్టి వస్తాడు. డబ్బు తీసుకోడు. ఈరోజు ఆ పొట్లంతో పాటు ఒక కోరిక కూడా మోసుకుపోతున్నాడు.

సోమవారం మేస్త్రి వస్తాడు. ఈ ఆరడుగుల జాగాలో బాత్‌రూము కట్టాలి.

కొడుకు కదిరవన్ పంపుసెట్ల కంపెనీలో లేత్ మీద పనిచేస్తాడు. కోడలు తమిళ్‌సెల్వి బట్టల షోరూములో నిలబడే ఉద్యోగం. రెండేళ్ళ కిందట ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చినప్పుడు సంచిలో మూడు రకాల సబ్బులు తెచ్చుకుంది. మామగారి సంగతి తెలిశాక అవి సంచిలోనే ఉండిపోయాయి. రెండేళ్ళూ మారుమాట్లాడకుండా అరప్పుతోనే, పాతచీర అడ్డం కట్టుకుని, ఆ బండ మీదే స్నానం చేసింది. పోయిన నెల పక్కన మూడంతస్తుల మేడ లేచింది. ఒక పొద్దున పై అంతస్తులో ఎవడో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల తడిబట్టలతోనే లోపలికి పరిగెత్తి, తలుపు వెనక కూర్చుని ఏడ్చింది. కదిరవన్ కొట్టడానికి మేడ మీదికి పోయాడు. ఎవరూ దొరకలేదు.

ఆ తరవాత ఇరుళప్పన్ ఏం మాట్లాడగలడు? ఇరవైనాలుగేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ బాత్‌రూముల నీళ్ళు పోయే గుంతలు తోడినవాడు, సొంత ఇంట్లో బాత్‌రూము వద్దంటే నవ్విపోరూ! "కట్టండి" అన్నాడు. "ఆ మల్లెని మాత్రం ఎక్కడైనా పెట్టి వస్తా. ఆమీద కట్టుకోండి."

సొరపాదు పోతే పోనీ, మళ్ళీ పెడితే వస్తుంది. వంగ, కనకాంబరం అంతే. మల్లె అలా కాదు. పద్దెనిమిదేళ్ళ చెట్టు, మొదలు అతని మణికట్టంత ఉంటుంది. దాన్ని బతికించుకోవడమొక్కటే అతనికి కావాలి. చుట్టూ మూరెడు మన్నుతో సహా పెకలించి, గోనెలో కట్టి, ఆ పూటే మరో నేలలో దించితే మే నెలలో కూడా బతకవచ్చు. ఆ మరో నేలే కావాలి. వీధిలో అందరివీ ఇలాంటి ఇళ్ళే. ఒకరికీ ఒక గుంట తవ్వేంత జాగా లేదు.

గుమ్మం దాటుతుంటే తమిళ్‌సెల్వి ఎదురొచ్చింది. "మామా, ఆ చెట్టు మీద నాకేం కోపం లేదు."

"తెలుసు అమ్మిణీ," అన్నాడు.

సూపర్‌వైజరు ఫోను ముందు మొహం పెట్టి హాజరు వేయించుకుని, ఆకుపచ్చ కోటు తొడుక్కుని, బ్యాటరీ బండి ఎక్కాడు. కోయంబత్తూరు పీలమేడులో అతనివి నాలుగు వీధులు. ఇంటి ముందు బండి ఆపి విజిల్ ఊదుతాడు. మనుషులు బకెట్లు తెస్తారు. కుళ్ళేది ఒక డబ్బాలోకి, కుళ్ళనిది ఇంకో డబ్బాలోకి. కలిపి తెచ్చిన వాళ్ళవి చేత్తో విడదీస్తాడు. టీకొట్టు ముందు నానిన టీపొడి ఒక కవర్లో వేరేగా పెట్టుకుంటాడు, అది వంగమొక్కలకి. ఎనిమిదిన్నరకల్లా తారు మెత్తబడింది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఎడమ చెయ్యి రెండు రోజులుగా లాగుతోంది. బకెట్లు ఎత్తే చెయ్యి లాగక ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

రంజనమ్మగారిల్లు మూడో వీధి చివర. మిల్లు నడిపిన నాయుళ్ళ ఇల్లు. ముందూ వెనకా తోట. గేటు సందులోంచి చూస్తే గడ్డి, గడ్డి మధ్య రాతి బుద్ధుడి తల, దాని ముందు నీళ్ళు చిమ్మే తొట్టి. ఆదివారాలు పన్నెండు మంది చాపలేసుకుని అక్కడ ధ్యానం చేస్తారు. తోటలో కూర్చుంటే మనసుకి శాంతి అట. ఇరుళప్పన్ ఒకసారి చూశాడు. పన్నెండు మందీ కళ్ళు మూసుకున్నారు. అతనికి నవ్వాగలేదు. తోటలో కూర్చుని కళ్ళు మూసుకోవడమేమిటి! అతను తన బండ మీద కూర్చున్నప్పుడు రెప్ప వెయ్యడానికి కూడా మనసొప్పదు. ఏ చీమ ఎటు పోయింది, ఏ మొగ్గ ఎంత ఉబ్బింది, సొరతీగ పొద్దుటికీ ఇప్పటికీ ఎంత పాకింది, చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. గుళ్ళో అతను ఎప్పుడూ చివరనే నిలబడ్డాడు. దేవుడు దూరంగా దీపం వెలుగులో నల్లగా కనిపించేవాడు. తన తోటలో ఏదీ దూరంగా లేదు. సాయంత్రం స్నానం చేసి అక్కడ కూర్చునే ఆ అరగంటా ఛాతీలోని బరువంతా దిగిపోయేది. అది భక్తో ఏమో అతను పేరు పెట్టుకోలేదు. సంతోషమని మాత్రం తెలుసు.

విజిల్ విని రంజనమ్మే బయటికి వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, తెల్లటి నూలుచీర, తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని ఉంది. రెండిళ్ళలోనూ తమిళం కలిసిన తెలుగే, పెద్దవాళ్ళతో మాట చివర 'ఇంగ' అనడం అక్కడి మర్యాద. ఎన్ని వందల ఏళ్ళ కిందట ఏ దారిన వచ్చారో ఇద్దరికీ తెలియదు. ఒకే భాషతో వచ్చి వేరువేరు వీధుల్లో దిగారు.

"ఏమి ఇరుళప్పా, పూలు తెచ్చినావా?"

"తెచ్చినానింగమ్మా." పొట్లం గోడ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆమె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం విచ్చుకోవడం అతను చూశాడు. వాసన అతనికి తెలిసేది అలాగే, మనుషుల మొహాల్లోంచి.

"అమ్మా, ఒకటి అడగాలింగ. ఈ పూల చెట్టుకి మా యింట్లో జాగా లేకుండా పోతాది. బాత్‌రూము కడతారు. మీ తోటలో ఒక మూల గుంట తవ్వి పెట్టి పోతా. నీళ్ళు నేనే వచ్చి పోస్తా. కూలి వేండాం, ఊరికే చేస్తా."

"అయ్యో, దానికేమి! తీసుకురా. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఈ పూలు లేంది సామిగది తలుపే తెరవలేదు. ఇట్లాంటి మల్లె మార్కెట్లో కూడా రాదు." ఆమె నిజంగానే సంతోషపడింది. "ఏమి ఎరువు వేస్తావు దానికి?"

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇరుళప్పన్ మొహమంతా నవ్వయింది. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

"ఎరువేమీ లేదింగమ్మా. మేము నలుగురం పోసుకునే నీళ్ళే. రాయి మీద నిలబడి పోసుకుంటాం, అట్లే చెట్టుకి పోతాది."

"పోసుకునే నీళ్ళంటే... ఒళ్ళు కడిగిన నీళ్ళా?"

"అవునింగ. సబ్బు లేదు. అరప్పు మాత్రమే. ఒక్క రోజు కూడా తప్పలేదు."

ఆమె పొట్లాన్ని ముక్కు దగ్గర నించి దించింది. గోడ మీద పెట్టింది. వేళ్ళు కొంగుకి తుడుచుకుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇన్నేళ్ళు సామిగదిలోకి పోయిన పూలన్నీ ఆమె కళ్ళ ముందు కదిలి ఉంటాయి.

"చెట్టు తీసుకురా, కూడదనేది లేదు," అంది అతని కోటు బొత్తాల కేసి చూస్తూ. "ఆ మన్ను మాత్రం వేండాం. మన్నంతా పోయేటట్లు వేరు బాగా కడిగి తీసుకురా. బయట మన్ను వస్తే చెట్లకి జబ్బు వస్తాదని మా తోటపని వాళ్ళు చెప్తారు."

"మన్ను పోతే ఈ ఎండకి చెట్టు నిలవదింగమ్మా."

"అదేమో నాకు తెలవదు."

ఆమె లోపలికి పోయింది. రంజనమ్మ చెడ్డమనిషి కాదు. పండక్కి పాప్పాత్తికి చీర ఇస్తుంది, ఎండలో మజ్జిగ పంపిస్తుంది. చెడ్డమనిషైతే ఒక తిట్టు తిట్టుకుని గుండె దులుపుకోవచ్చు.

అతను బండి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పనిమనిషి పచ్చ బకెట్టు తెచ్చి గేటు బయట పెట్టింది. బెండకాయ తొడిమలు, మామిడి తొక్కలు, నిన్నటి అన్నం. పైన అరటాకు పొట్లం. నారముడి విప్పలేదు. తన ముడే, ముడి మీద ముడి.

ఇరుళప్పన్ బకెట్టు ఎత్తి డబ్బాలో వంచాడు. రోజూ ఎలా వంచుతాడో అలాగే. పక్కింటి ముందుకి బండి జరిపి విజిల్ ఊదాడు. మొదటిసారి సరిగా మోగలేదు. మళ్ళీ ఊదాడు.

రెండు గంటలకి ఇల్లు చేరాడు. పాప్పాత్తి అన్నం పెట్టింది. సగం తిని చెయ్యి కడిగాడు. "ఏమంటిందయ్యా ఆయమ్మ?" అంటే "చూస్తా" అన్నాడు. కళ్ళు మూసుకుని గోడకానుకున్నాడు గాని నిద్ర రాలేదు.

నాలుగు గంటలకి గడ్డపార తీసుకుని వెనక్కి పోయాడు. వేరు కడిగితేనేమి, అనుకున్నాడు. నూటికి ఒకటి బతకదా! కడిగి ఇచ్చేద్దాం. ఎక్కడో ఒక చోట ఉంటే చాలు. మల్లె చుట్టూ మూరెడు దూరంలో గీత గీసి తవ్వాడు. మన్ను నల్లగా, పిండిలా లేచింది. వానపాములు మెలికలు తిరిగాయి. రెండు జానల లోతున మొదటి వేరు కనిపించింది. తెల్లగా, సన్నగా, మట్టిని వేళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. చెంబుతో నీళ్ళు తెచ్చుకున్నాడు. వేరు మీద వంచబోయి ఆగాడు.

అప్పుడు వచ్చింది కోపం. ఎప్పుడో రావలసిన కోపం. పదిహేడో ఏట టీకొట్టువాడు గ్లాసు కడిగి బోర్లించి పో అన్నప్పుడు రావలసింది. ఆస్పత్రిలో నర్సు మంచం కడిగించాకే మందిచ్చినప్పుడు రావలసింది. అన్నిటికీ సరేనన్నాడు, అన్నీ కడిగాడు. ఊరంతా కడిగాడు. ఈ మన్నులో ఏముంది కడగడానికి? పాప్పాత్తి ఉంది, కొడుకు చిన్నప్పటి ఒంటిమట్టి ఉంది, రెండేళ్ళు నోరెత్తకుండా నీళ్ళు పోసుకున్న కోడలుపిల్ల ఉంది, తను ఉన్నాడు. గట్టిగా బూతుమాట ఒకటి అన్నాడు. ఆ తోటలో అతను తిట్టడం అదే మొదలు.

తవ్విన మన్నంతా చేతులతో వెనక్కి తోశాడు. గట్టిగా అదిమాడు.

పనిలోంచి వచ్చిన తమిళ్‌సెల్వి వాకిట్లో నిలబడి చూస్తోంది. ఇరుళప్పన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"కట్టుకో అమ్మిణీ. చెట్టు యాడికీ పోదు. దాని మన్నులోనే ఉంటాది, ఉన్నన్నాళ్ళు. నీ తలుపుకి మాత్రం గట్టి గొళ్ళెం పెట్టించుకో."

ఆ పిల్ల లోపలికి పోయింది.

గూట్లోంచి మూడు వేళ్ళతో అరప్పు తీసుకుని అరచేతిలో తడిపాడు. పూటకి ఇంతే, మూడు వేళ్ళకి వచ్చినంత. తల రుద్దుకున్నాడు, మెడ, చేతులు, గాట్లు. మొదటి చెంబు మల్లెకి. రెండోదీ మల్లెకే. ఈపూట సొరపాదుకి ఇవ్వలేదు. నాలుగు చెంబులూ ఎడమవైపుకే ఒరిగి పోసుకున్నాడు. తవ్విన చోట నీళ్ళు గుంటకట్టి మెల్లగా ఇంకాయి. పొడి తువ్వాలు చుట్టుకుని బండ మీదే గోడకానుకుని కూర్చున్నాడు.

పక్కమేడ నీడ తోట మీదికి దిగింది. వేడి తగ్గింది. తడిసిన బండ కింద నించి చల్లదనం ఎక్కుతోంది. కోపం ఎటు పోయిందో పోయింది. సొరతీగ కొస పొద్దుటి కన్నా రెండంగుళాలు గోడ మీదికి పాకింది. ఒక తేనెటీగ వంగపువ్వులో దూరి వెనక్కి వెనక్కి వస్తోంది. కొయ్యని మొగ్గలు కొమ్మకొమ్మకీ తెల్లగా ఉబ్బి ఉన్నాయి. వాటిలో ఒకటి కదిలినట్టయింది. సోమవారానికి ఇవేవీ ఉండవని తెలుసు. అయినా ఛాతీలోని బరువు రోజులాగే దిగింది. ఇంత సుఖంగా ఉండవచ్చా అని అతనికే సిగ్గేసింది.

ఈ వేళకి అతను రోజూ ఒక మాట అడుగుతాడు. "పాప్పాత్తీ, వచ్చిందా?" వంటింట్లోంచి ఆమె ముక్కు ఎగబీల్చి, వస్తే వచ్చిందని, రాకపోతే ఇంకా లేదని చెప్తుంది. మొదటి పువ్వు విచ్చుకున్న సంగతి ఈ ఇంట్లో అలా తెలుస్తుంది.

ఈరోజు అడగలేదు. పాప్పాత్తి టీ వడగడుతుంటే గుప్పుమని తగిలింది. తనే చెప్పింది.

"వచ్చిందయ్యా!"

జవాబు లేదు. గ్లాసు తీసుకుని వెనక్కి వచ్చింది. అతను కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చెట్టు వైపే. "ఏమయ్యా, వచ్చిందంటా ఉండా కదా," అంది. బండ మీద గ్లాసు పెట్టి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్ళింకా తడిగానే ఉంది.

మర్నాడు ఆ బండ మీదే పడుకోబెట్టి అతనికి నీళ్ళు పోశారు. పోయినవాళ్ళకి రుద్దే నూనె, అరప్పు ఇంట్లోవి వాడకూడదని, వియ్యాలవారి ఇంటి నించి రావాలని వాళ్ళ ఆచారం. తమిళ్‌సెల్వి అమ్మ కొత్త పొట్లం తెచ్చింది. ఒక్కొక్కరూ చిటికెడు తీసి నెత్తిన అద్దారు. చావుకి నీళ్ళు లేవనే ఇల్లుండదు. ఎండిన వీధిలో ఇంటికొక బిందె చొప్పున పంతొమ్మిది బిందెలు వచ్చాయి. బతికున్ననాళ్ళు నాలుగు చెంబుల మనిషి. కదిరవన్ కాలువకి అడ్డమున్న రాళ్ళన్నీ తీసేశాడు. నీళ్ళు ఎటు పోవాలో అటు పోయాయి. ఆ వారం మల్లె ఆకు కనపడకుండా పూసింది. కోసినవాళ్ళు లేరు.

మేస్త్రి మాటప్రకారం సోమవారమే వచ్చాడు. వాకిట్లో పందిరి చూసి, చెప్పులు చేత పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పదహారో రోజు కర్మ అయ్యాక మళ్ళీ వచ్చాడు. బండ తిరగవేస్తే దాని అడుగున మల్లెవేళ్ళు చాపలా అల్లుకుని ఉన్నాయి. "అబ్బ, ఈ ఎండలో ఇంత తడా!" అన్నాడు. గడ్డపారతో నరికి తీశారు. పాప్పాత్తి ఆపూట ఇంట్లో లేదు, కావాలనే పోయింది.

పీలమేడు మూడో వీధిలో ఇప్పుడు వేరే మనిషి విజిల్ ఊదుతున్నాడు. ఆదివారాలు పన్నెండు మందీ కళ్ళు మూసుకుంటూనే ఉన్నారు.

బాత్‌రూము బాగా వచ్చింది. తెల్లటి టైల్సు, నీళ్ళు నిలవని వాలు, గట్టి గొళ్ళెం. మొదటి రోజు తమిళ్‌సెల్వి లోపల చాలాసేపు ఉంది. నీళ్ళ చప్పుడు ఆగాక కూడా బయటికి రాలేదు. బయటికొచ్చాక ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, సబ్బు పడిందంది. వాడిన నీళ్ళు గొట్టంలోంచి వీధి కాలవలోకి పోయాయి.

లోపలి గూట్లో మూడు రకాల సబ్బులున్నాయి. వాటి పక్కన పాప్పాత్తి తెచ్చి పెట్టిన మూతలేని సత్తు డబ్బా, సగం అరప్పు, ఆ పొడిలో మూడు వేళ్ళ గుంట.